రీడింగు ఎగరకూడదు

పై గేటు బావకు,

బాగున్నానని మొదలుపెట్టే అలవాటు ఈసారికి పక్కన పెడుతున్నాను. నిన్న నువ్వు ఫోను చేస్తే ఎత్తలేదని కోపగించుకోకు. నోటినిండా పుళ్ళు. మాట్లాడితే నాలుక పళ్ళకు తగిలి ప్రాణం పోయినంత పనవుతోంది. పైగా మా ఇల్లు నీకు తెలుసు. రెండు గదులు, మధ్య తలుపు లేదు, తెర ఒక్కటే. అవతల గదిలో మీ చెల్లెమ్మ కుట్టుమిషను తొక్కుతూ ఉంటుంది. నేను ఫోనులో గొంతు విప్పగానే మిషను ఆగిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. మన ఆఫీసు తపాలా సంచిలో వేయిస్తున్నాను, రేపు సాయంత్రానికి నీ గేటు గదికి చేరుతుంది.

ఇరవై ఆరేళ్ళలో నీకూ నాకూ మధ్య నడిచినవన్నీ అంకెలే. రోజుకు మూడుసార్లు కాలువలోకి ఎంత వదిలావో నువ్వు చెప్పేవాడివి, నా గేజి దగ్గర నీటిమట్టం ఎంత ఉందో నేను చెప్పేవాణ్ణి. మధ్యలో నాలుగు తిట్లు. నువ్వు పై గేటు, నేను కింది గేటు. పేర్లు కూడా మరిచిపోయాం. ఇంత పొడుగు మాట నీతో ఎప్పుడూ అనలేదు కనుక ఓపిక పట్టు.

ఆపరేషనులో పెద్దపేగు జానెడు తీసేశారు. క్యాన్సరు మిగలకుండా ఉండాలని ఇప్పుడు పదిహేను రోజులకోసారి కీమో ఎక్కిస్తున్నారు. మొత్తం పన్నెండు, మొన్నటికి నాలుగు అయ్యాయి. మొదటిరోజే ఒక నర్సు నా ఫోను తీసుకుని అందులో యాప్ ఒకటి వేసింది. చిన్నపిల్ల, మన ఆఫీసు గుమాస్తా కంటే వేగంగా నొక్కుతుంది.

"రోజూ పొద్దున ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది బాబాయ్. నొప్పి, వాంతులు, విరేచనాలు, నోటిపూత, నీరసం, జ్వరం, తిమ్మిరి, ఆకలి లేకపోవడం. సున్నా నుంచి పది దాకా మీకు ఎంతుంటే అంత నొక్కండి. తక్కువుంటే పచ్చగా వస్తుంది, మధ్యస్థంగా ఉంటే పసుపు. ఎరుపు వస్తే మాకు ఇక్కడ గంట మోగుతుంది, మేమే ఫోన్ చేస్తాం" అంది. నేనేం పని చేస్తానని అడిగింది. కాలువ మీద గేజి చూస్తానన్నాను. "అయితే మీకు నేర్పక్కర్లేదు. ఇదీ గేజే" అంది.

అక్కడే చిక్కొచ్చింది.

మొదటి కీమో అయిన మూడోనాడు కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. వాంతులకు ఎనిమిది నొక్కాను. ఉన్నదే నొక్కాను. పది నిమిషాల్లో ఫోను. వెంటనే రమ్మన్నారు. మీ చెల్లెమ్మ బడిపిల్లల యూనిఫారాలు సగంలో వదిలేసి, సూది దారం ఇంకా పైటకు గుచ్చుకునే ఉండగా నన్ను ఆటోలో ఎక్కించింది. నాలుగు రోజులు సెలైను పెట్టి ఉంచారు. రెండో డోసు పది రోజులు వెనక్కి పోయింది. ఆ నాలుగు రోజులూ ఆమె బెంచీ మీద కూర్చుని నావైపు చూసిన చూపు నాకు వాంతుల కంటే కష్టమనిపించింది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నీకు గుర్తుందో లేదో. ఒకరోజు పొద్దున గేజి ఒక్కసారిగా రెండడుగులు లేచింది. ఉన్నదున్నట్టు రాశాను. ఇంజనీరు జీపు వేసుకుని దిగాడు. కింద షట్టరుకు గుర్రపుడెక్క కలుపు అడ్డం పడింది, అంతే సంగతి. ఆయన నన్ను గట్టు మీద నిలబెట్టి, "రీడింగు ఇలా ఎగిరితే పైవాళ్ళకు నేనేం చెప్పను? కొంచెం కొంచెంగా ఎక్కించడం తెలియదా?" అన్నాడు. ఆ మాట ఇరవై ఆరేళ్ళు పాటించాను. అడుగు లేస్తే ఇవాళ నాలుగంగుళాలు, రేపు నాలుగు, ఎల్లుండి మిగతాది. గేజి చూసేవాళ్ళందరం చేసేదే. నువ్వూ చేసే ఉంటావు, బుకాయించకు.

ఇప్పుడూ అదే పని. రెండు, మూడు, రెండు, మూడు. ప్రతిరోజూ రెండే వేస్తే అనుమానం వస్తుందని వారానికోసారి నాలుగు. నోటిపూతకు ఇవాళ మూడు వేశాను. నిజానికి గంజి మింగడానికే గంట పట్టింది. ఫోను మాత్రం పచ్చగా ఉంది. మీ చెల్లెమ్మ పొద్దున్నే ఆ పచ్చదనం చూసి మిషను మీద కూర్చుంటోంది. అది చాలు నాకు.

ఈ సంగతి నీ దగ్గరే ఉంచు.

కింది గేటు

*

బావా,

నీ జవాబు అందింది. "బొమ్మలు నొక్కుకుంటూ కూర్చో, నీకింతకంటే పనేముంది" అని రాశావు. నవ్వాను. నవ్వితే పెదవి చిట్లింది, ఆ పాపం నీదే.

ఎనిమిదో కీమో అయింది. నోటి పుళ్ళు తగ్గాయి. ఇప్పుడు చేతులూ కాళ్ళూ. ఈ మందు ఎక్కుతున్నప్పుడు చల్లటిది తాకకూడదని ముందే చెప్పారు. తాకితే ఎలా ఉంటుందో చెప్పలేదు. ఉత్త స్టీలు గ్లాసు పట్టుకుంటే వేళ్ళలో కరెంటు కొట్టినట్టవుతుంది. మోకాలి లోతు నీళ్ళలో దిగి గేజి మీద పాచి తుడిచిన చేతులివి. ఇప్పుడు మొహం కడుక్కోవాలంటే మీ చెల్లెమ్మ వేడినీళ్ళు తోడిపెట్టాలి.

మొదట్లో ఈ బాధ రెండుమూడు రోజుల్లో పోయేది. ఆరో డోసు తర్వాత పోలేదు. వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీ కాజాలోకి పోదు. అన్నం ముద్ద వేళ్ళకు అందిందో లేదో నోట్లోకి వచ్చాక తెలుస్తుంది. తిమ్మిరి ప్రశ్నకు ఒకటి నొక్కుతున్నాను.

మొన్న మంగళవారం కాళ్ళు ఊరుకోక కాలువ దాకా వెళ్ళాను. నా బదులు వంతెన దగ్గరి వాచరు గేజి చూస్తున్నాడు కదా, ఎలా చూస్తున్నాడో చూద్దామని. తిరిగి వచ్చేసరికి మీ చెల్లెమ్మ గుమ్మంలో ఉంది.

"ఒక చెప్పేదండీ?" అంది.

"ఏ చెప్పు?"

"ఎడమకాలిది."

కిందికి చూశాను. లేదు. ఎక్కడ ఊడిందో తెలియదు. కంకర రోడ్డు మీద ఉత్త కాలితో అంత దూరం నడిచివచ్చాను. మడమలో గాజుపెంకు దిగి ఉంది. ఆమె వేడినీళ్ళతో కడిగి పెంకు తీసింది. "నొప్పి లేదా?" అంటే లేదన్నాను. ఆ రోజుకు నేను చెప్పిన నిజం అదొక్కటే.

తర్వాత ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీసింది. "తిమ్మిరి ఒకటే అని ఉందే. అంతా పచ్చగానే ఉందే" అంది. కాలు చూసింది, ఫోను చూసింది, మళ్ళీ కాలు చూసింది. చివరికి ఫోనునే నమ్మింది. "నాకే ఛాదస్తం ఎక్కువైనట్టుంది. చూసుకుని నడవాలండీ" అని లేచి వెళ్ళిపోయింది. నేను కట్టు సర్దుకుంటూ కూర్చున్నాను. ముప్ఫయ్యేళ్ళ నుంచి నా మొహం చూసి నేనేం తిన్నానో చెప్పగల మనిషి బావా. ఆమెను అలా చేశాను.

నిజం ఎందుకు నొక్కడం లేదంటే, కీమో గదిలో నా పక్క కుర్చీలో ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. మంచి మాటకారి. అతనికీ వేళ్ళు మొద్దుబారాయి, యాప్‌లో ఉన్నదున్నట్టు నొక్కాడు. వెంటనే ఒక మందు ఆపేశారు. "ఇప్పుడు నాకు సగమే ఎక్కిస్తున్నారన్నా" అని నవ్వుతూ చెప్పాడు. తర్వాతి రెండుసార్లూ ఆ కుర్చీలో వేరేవాళ్ళున్నారు. ఆయన ఏమయ్యాడని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదనిపించింది. సగం మందుతో ఆ రోగం సగమే పోతుంది కదా. వేళ్ళు పోతే పోయాయి, పన్నెండూ నిండుగా ఎక్కించుకుంటానని తీర్మానించుకున్నాను.

ఇంకొక మాట. గండి పడిన ఏడు సంగతి నువ్వు ఎత్తవు, నేనూ ఎత్తను. ఆ సాయంత్రం ఆరు గంటల రీడింగు అడుగున్నర లేచింది. నేను అయిదంగుళాలు రాశాను. మిగతాది పొద్దున ఎక్కిద్దామనుకున్నాను. తెల్లవారేసరికి కింద గట్టు తెగి, ఆ పక్కన బట్టీ పెట్టుకున్న ఇటుకలవాడి పచ్చి ఇటుకలన్నీ బురదైపోయాయి. విచారణలో నీ పుస్తకం, నా పుస్తకం పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ సరిపోయాయి. ఎలా సరిపోయాయో నిన్ను అడగడానికి తొమ్మిదేళ్ళుగా నాకు మొహం చెల్లలేదు.

ఎందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు. మందు మనిషిని వాగిస్తుందేమో.

కింది గేటు

*

కింది గేటుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివాను, రాత నీది కాదేమోనని. ఇన్నేళ్ళలో నీ తొమ్మిదిని ఒక్కసారి కూడా ఏడు అనుకోలేదు నేను. ఇప్పుడు అక్షరాలన్నీ వానలో తడిసిన కోడిపిల్లల్లా ఉన్నాయి.

నీకొక సంగతి చెప్పాలి. నీ రీడింగులు నేనెప్పుడూ నమ్మలేదు. ఎంత వదిలానో నాకు తెలుసు, దారిలో ఎంత ఇంకుతుందో తెలుసు. అయిదు గంటల్లో నీ దగ్గరికి ఎంత రావాలో నీకంటే ముందు నాకే తెలుస్తుంది. నువ్వు నాలుగంటే నేను నాలుగున్నర అనుకుని షట్టరు దించేవాణ్ణి. మూడురోజులు వరసగా ఒకే అంకె వస్తే, నీకు నడుంనొప్పి వచ్చి గేజి దాకా పోలేదని తెలిసేది. చెల్లెమ్మతో పోట్లాడిన రోజు ఒక అంగుళం ఎక్కువ రాసేవాడివి. కాలువ ఇన్నేళ్ళు సవ్యంగా నడిచిందంటే నీ గొప్పతనం కాదు. నీ అబద్ధాలు నాకు అలవాటైపోయాయి, అంతే.

ఆ ఫోనుకు నువ్వెవరివో తెలియదు. నువ్వు రెండంటే అది రెండే అనుకుంటుంది. దానికి నేను చెప్పలేను కదా, వీడు రెండన్నాడంటే ఆరు వేసుకో తల్లీ అని.

గండి సంగతి ఎత్తావు కనుక చెబుతున్నాను. నీ అంకెకు సరిపోయేలా నా పుస్తకం నేనే దిద్దాను. నువ్వు అడగలేదు. ఇటుకలవాడు ఆ ఏడే మకాం ఎత్తేసి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా గేటు గదికి వచ్చి మంచినీళ్ళడిగి తాగాడు. కోపంగా కూడా ఏమీ అనలేదు. అప్పుడు దిద్దాను. ఇప్పుడు దిద్దను.

ఈ నెలాఖరులోగా చెల్లెమ్మకు నువ్వే చెప్పు. చెప్పకపోతే ఒకటో తారీఖున పొద్దున బస్సుకు వచ్చి నేనే చెబుతాను. నా నోరు ఎలాంటిదో నీకు తెలుసు. నీ నోట చెబితేనే బావుంటుంది.

డ్రైవరు ఏమయ్యాడో అడగకుండా నువ్వే తేల్చేసుకున్నావు. గేజి దగ్గరికి పోకుండా రీడింగు రాయడం నీకు కొత్త కాదులే.

పై గేటు

*

బావా,

నీ బెదిరింపు అందింది. అందిన రోజు జవాబు రాయకూడదనుకుని ఆగాను.

ఇంకా మూడే ఉన్నాయి. పదోది సోమవారం. ఆ తర్వాత పదకొండు, పన్నెండు. నెల రోజులు. ఇరవై ఆరేళ్ళు మోసినవాడివి నెల రోజులు మోయలేవా? పన్నెండోది అయిన రోజున ఆమెను కూర్చోబెట్టి అన్నీ చెబుతాను. నువ్వు మధ్యలో దిగి గొంతు చించుకోకు.

ఇవాళ శనివారం. పొద్దున్నుంచి ఒళ్ళు వణుకుతోంది. యాప్ నొక్కడం మరిచిపోయానని మధ్యాహ్నం అదే గంట కొట్టింది. థర్మామీటరు పెట్టుకున్నాను. నూట ఒకటి దాటింది. జ్వరం ఉందా అని అడిగింది. ఉందంటే సోమవారం డోసు ఆపేస్తారు. లేదని నొక్కాను. మిషను చప్పుడు ఆగలేదు, ఆమె చూడలేదు.

కలం వేళ్ళలో ఉందో జారిందో చూసుకుంటూ రాయాల్సి వస్తోంది. మిగతాది సోమవారం వచ్చాక రాస్తాను. తపాలా సంచి ఎటూ అప్పుడే

*

అన్నయ్యగారికి నమస్కారం.

ఆసుపత్రి నుంచి మీకు ఫోనులో రెండు ముక్కలే చెప్పాను. అప్పుడు అంతకంటే తెలియదు, తెలిసినా చెప్పే స్థితిలో లేను. ఆయన్ను ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. లేచి కూర్చుంటున్నారు. దీంతోపాటు ఉన్న కాగితం ఆయన చొక్కా జేబులో దొరికింది. మీకు చేరాల్సింది, సగంలో ఆగిపోయింది. మీ ఉత్తరం కూడా అందులోనే మడిచి ఉంది. చదవకూడదని ఒకరోజు ఆగాను. రెండోరోజు చదివాను. మీకు ఆయన రాసిన మొదటి రెండు ఉత్తరాలు నేను చూడలేదు. ఏం రాశారో ఆయన్నే అడిగి చెప్పించుకున్నాను. అవి మీ దగ్గరే ఉంచండి.

ఆ శనివారం మధ్యాహ్నం నేను మిషను మీద కాలర్లు తిప్పి కుడుతున్నాను. ఒకటే టకటక. మిషను ఆపినా ఆగలేదు. తెర తీసి చూస్తే ఈయన మంచం మీద ముడుచుకుని ఉన్నారు, ఆ వణుకుకు మంచంకోడు గోడకు కొట్టుకుంటోంది. ఏమైందంటే, "ఏం లేదు, ఫోను చూసుకో" అన్నారు. చూశాను అన్నయ్యగారూ. అంత జరుగుతుంటే ముందు ఫోనే చూశాను. పచ్చగా ఉంది. ఆ తర్వాత ఒంటి మీద చెయ్యి వేశాను. పెనంలా కాలుతోంది.

ఆటోలో తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర అమ్మాయి కంప్యూటరులో ఆయన పేరు కొట్టి, "రీడింగులన్నీ బాగున్నాయండీ. గంట కిందట కూడా జ్వరం లేదని పెట్టారు. కూర్చోండి, వరసలో పిలుస్తాం" అంది. ఒళ్ళు కాలుతోందమ్మా అన్నాను. "ప్రయాణానికి వేడి చేసి ఉంటుందండీ" అంది. మర్యాదగానే చెప్పింది. నేను కూర్చున్నాను. గంటన్నర కూర్చున్నాను. ఆ కూర్చోవడం నేను మరిచిపోలేను. చెయ్యి ఆయన ఒంటి మీదే ఉంది, కాలుతున్నది తెలుస్తోంది, అయినా నాలుగు నెలలుగా ఆ పచ్చరంగు నాకు నేర్పింది ఒక్కటే, నీకు ఛాదస్తం ఎక్కువని. నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఈయన మాట తేడా వచ్చింది. "నాలుగు పాయింటు రెండు... పై గేటు దించమను..." అనడం మొదలుపెట్టారు. నా భుజం మీద తల వాల్చి, నన్నే వాచరనుకుని, "రాసుకున్నావా?" అంటున్నారు. అప్పుడు లేచాను. ఆ అమ్మాయి ముందుకు వెళ్ళి, "ఆ కంప్యూటరు తెర అవతలికి తిప్పి ఇటు చూడమ్మా. మనిషి ఇక్కడున్నాడు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, హాలంతా ఇటు తిరిగింది. యాప్ వేసిన ఆ చిన్న నర్సు లోపలి నుంచి వచ్చింది. ఆయన మెడ మీద చెయ్యి వేసింది, ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ పరిగెత్తింది.

తెల్ల కణాలు బొత్తిగా పడిపోయాయట. నెత్తుటిలో చీము చేరిందట. ఆరు రోజులు అద్దాల గదిలో ఉంచారు. మూడో రోజు దాకా డాక్టరు నా మొహం సూటిగా చూడలేదు. నాలుగో రోజు చూశాడు. అప్పుడు గుక్కెడు నీళ్ళు తాగాను.

జ్వరం తగ్గాక డాక్టరు ఆయన ముందు బల్ల మీద గుండుసూది పెట్టి తీయమన్నాడు. బల్లంతా తడిమారు, తీయలేకపోయారు. "ఇది ఎప్పట్నుంచి?" అన్నాడు డాక్టరు. ఈయన నావైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను, సాయం చేయదలచుకోలేదు. "ఆరో డోసు నుంచి. చెబితే సగం మందే ఎక్కిస్తారనుకున్నాను" అన్నారు.

డాక్టరు తిట్టలేదు. తిడితే బావుండేది. "అప్పుడే చెప్పి ఉంటే ఆ ఒక్క మందూ ఆపి మిగతావి కొనసాగించేవాళ్ళమండీ. చాలామందికి అలాగే చేస్తాం. దానివల్ల పెద్ద తేడా రాదు. సగం మందు అని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. ఆ తర్వాత ఎక్కించుకున్న మూడు డోసుల్లో ఆ మందు వల్ల ఒరిగింది కొంచెమే, పోయింది మాత్రం ఎక్కువ. వేళ్ళకు స్పర్శ కొంత తిరిగి రావచ్చు, కొంత ఎప్పటికీ రాకపోవచ్చు అన్నాడు. ఆయన అవన్నీ విని, "అయితే పదోది ఎప్పుడండీ?" అన్నారు. ఏమనాలి ఈ మనిషిని.

ఆ బస్సు డ్రైవరు ఎక్కడికీ పోలేదు. ఆయన రోజు సోమవారం నుంచి శుక్రవారానికి మార్చారు, అంతే. మేం ఇంటికి వచ్చేరోజు వరండాలో ఎదురయ్యాడు. "అన్నా, నీ కుర్చీ ఖాళీగా ఉందంటే గుండె గుభేలుమంది" అన్నాడు. ఈయన అతని చొక్కాకేసి చూస్తూ నిలబడిపోయారు. గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు, తనే పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక రెండురోజులు నేను మాట్లాడలేదు. గంజి ఇచ్చాను, మాత్రలిచ్చాను, వేడినీళ్ళు తోడాను. మాట మాత్రం రాలేదు. రోగం దాచారని కాదు నా కోపం. భయపడి దాచే మగవాళ్ళను చూశాను, మా నాన్నా అంతే. నా కళ్ళ ముందు కాలిలోంచి నెత్తురు కారుతుంటే, నా కళ్ళే తప్పని నన్ను అనుకోనిచ్చారు. ఛాదస్తమని నన్ను నేను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నారు. అదే మింగుడు పడలేదు.

మీ మీద కూడా కోపం ఉంది, దాచుకోవడం ఎందుకు. వేళ్ళు మొద్దుబారిన సంగతి మీకు మూడు వారాల ముందే తెలుసు. గడువు ఇచ్చారు. ఆయన నోటితో ఆయనే చెబితే బావుంటుందన్నారు, మర్యాద చూశారు. ఆ రోజే బస్సెక్కి వచ్చి నాలుగు కేకలేసి ఉంటే తొమ్మిదో డోసులో ఆ మందైనా తప్పేది, ఈ జ్వరమూ ఇంత దాకా వచ్చేది కాదేమో. మీరిద్దరూ ఇన్నేళ్ళు ఒకరి అంకె ఒకరు సర్దుకుంటూ బతికారు. నాకు ఆ సర్దుబాటు చేతకాదు. ఆయన రెండంటే నేను ఆరు వేసుకుంటూ కూర్చోలేను. ఎంతుంటే అంత చెప్పాలి. ఇదే మాట ఆయనతోనూ అన్నాను.

నిన్న పొద్దున ఫోను నేను తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. నొప్పి ఎంత అన్నాను. "రెండు" అన్నారు. నొక్కలేదు. మొహం చూస్తూ ఊరుకున్నాను. "మూడు" అన్నారు. నేను కదల్లేదు. "ఏం, బేరమా?" అని విసుక్కున్నారు. "మీరే కదా మొదలుపెట్టింది" అన్నాను. గోడవైపు తిరిగి, "అయిదు వేసుకో" అన్నారు. వేశాను. నీరసం ఏడు. ఆకలి దగ్గర ఎంత చెప్పాలో ఆయనకే తెలియలేదు, ఇద్దరం గిన్నెలో మిగిలిన గంజి చూసి ఆరు వేశాం. తిమ్మిరి దగ్గర ఆగిపోయారు. చేతులు రెండూ ముందుకు చాచి వాటినే చూసుకున్నారు, ఎవరివో చూస్తున్నట్టు. "ఎనిమిది" అన్నారు. ఎరుపు వచ్చింది. ఆ రంగు చూసి ఆయన మొహం పాలిపోయింది.

పావుగంటలో ఫోను వచ్చింది. ఆ నర్సే. "ఇవాళ సరిగ్గా నొక్కారు బాబాయ్" అంది. రమ్మనలేదు, కంగారు పడలేదు. మాత్ర ఒకటి చెప్పింది, గురువారం వచ్చి చూపించుకోమంది. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమంది. రోజూ పడుకునేముందు పాదాలు కళ్ళతో చూసుకోమంది, కాలు చెప్పదు కనుక. ఫోను పెట్టేశాక ఈయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "అంతేనా?" అన్నారు చివరికి. అంతేనన్నాను.

కీమో మళ్ళీ మొదలవుతుంది, ఆ మందు లేకుండా, కణాలు పెరిగాక. పన్నెండూ అయ్యాక ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీరు కుదిరినప్పుడు రండి. వచ్చేటప్పుడు జలుబూ దగ్గూ లేకుండా చూసుకోండి, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి రండి. ఆయన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, నేను మిషను ఆపను.

ఒక్క సంగతి మిగిలిపోయింది. నిన్న ఎనిమిది ప్రశ్నలూ అయ్యాక ఫోను పక్కన పెట్టి, అందులో లేనిది ఒకటి అడిగాను. "భయం ఎంతుంది?" అన్నాను. నవ్వి తీసేస్తారనుకున్నాను, లేకపోతే ఒకటి అంటారనుకున్నాను. ఆయన తల వంచుకుని దుప్పటి అంచు మడుస్తూ కూర్చున్నారు. ఆ అంచు వేళ్ళకు అందడం లేదు. నేను తొందరపెట్టలేదు, ఆయనా ఈసారి బేరం ఆడలేదు.

"తొమ్మిది" అన్నారు. ఆగి, "నీకు?" అన్నారు.

ముప్ఫయ్యేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు అన్నయ్యగారూ. కాసేపు ఆలోచించి, ఉన్నదున్నట్టే చెప్పాను.

మీ చెల్లెలు